నరసాపురం జపనీస్

"మింగెయ్యాలి అమ్మగారూ. ఆ చివరి 'సు'ని మింగెయ్యాలి," అన్నాడు సుందర్ రాజ్.

"ఇదేమన్నా బీపీ మాత్రా, మింగడానికి?" అంది దేవకుమారి. "నువ్వు రాసిచ్చింది రాసినట్టు చదువుతున్నాను. అరిగతో గొజైమాసు."

"గొజైమాస్. టోక్యోలో ఆ 'సు' గాల్లో కలిసిపోతుంది. మీరలా నిండుగా పలికితే ఒసాకా యాస అయిపోతుంది."

"అయితే? ఒసాకా వాళ్లు మనుషులు కారా?"

సుందర్ రాజ్ కళ్లు మూసుకున్నాడు. ఇరవై ఏళ్ల కిందట కంపెనీ పంపిస్తే టోక్యోలో మూడేళ్లు ఉండొచ్చాడాయన. అప్పట్నుంచి అమెరికాలోని ఈ ఫ్రీమాంట్ తెలుగు క్రైస్తవ సంఘంలో జపాన్ గురించి చివరి మాట ఆయనదే.

ఆ సంఘానికి సొంత గుడి లేదు. మొదట స్కూలు క్యాంటీన్లో, తర్వాత టైర్ల షాపు వెనక షెడ్డులో పాడుకున్నారు. నాలుగేళ్లుగా, జపాన్ వాళ్లు తాతల కాలంలో కట్టుకున్న చర్చిలో ఆదివారం మధ్యాహ్నం రెండింటికి చోటు దొరికింది. వాళ్లు పొద్దున్నే ఆరాధన ముగించుకుని వెళ్లిపోతారు. తాళాలు ఇచ్చే మోరీ గారు తప్ప వాళ్లలో ఎవరి మొహమూ వీళ్లకి సరిగా తెలియదు.

ఇప్పుడు ఆ చోటుకీ గండం వచ్చింది. వీళ్ల బిర్యానీ వాసన వంటగదిలో బుధవారం దాకా పోవడం లేదని ఫిర్యాదు. కరాటే క్లాసు వాళ్లు ఆ టైమే అడుగుతున్నారట. వచ్చే ఆదివారం రెండు సంఘాలూ కలిసి ఆరాధన, భోజనం. అవగానే అక్కడి పెద్దలు కూర్చుని తేలుస్తారు.

"వాళ్ల భాషలో నాలుగు కృతజ్ఞత మాటలు చెబుదాం," అన్నాడు పాస్టర్ షాలేం రాజు. "మైకు లేకపోయినా వినిపించే గొంతు దేవకుమారమ్మదే."

రాసేది సుందర్ రాజ్, పలికేది దేవకుమారి అని తేలింది. ఆ నాలుగు మాటలూ తెలుగు అక్షరాల్లో నోటుబుక్కులోకి ఎక్కాయి. చావు మాత్రం యాసతో వచ్చింది.

"ఉత్తరం వైపు వాళ్లు చలికి నోరు తెరవకుండానే మాట్లాడేస్తారు," అని వేళ్లు మడిచాడు సుందర్ రాజ్. "ఒసాకా వాళ్లు మాట్లాడితే బేరమాడినట్టుంటుంది. అమెరికా వాళ్లు మాట్లాడితే నోట్లో చూయింగ్ గమ్. ఇక మనవాళ్లు ప్రతి అక్షరాన్నీ రోట్లో వేసి దంచుతారు."

"దంచితేనే కదా పిండి మెత్తగా వచ్చేది."

"అమ్మమ్మా, కొంచెం యాంగ్రీగా చెప్పు," అంది పక్కనే ఫోన్ చూసుకుంటున్న మనవరాలు ఫెబీ. "నా షోస్‌లో అందరూ అలాగే చెప్తారు."

"అది కత్తులు తిప్పే బొమ్మల జపనీస్ తల్లీ. థాంక్స్ చెప్పడానికి వెళ్లి, యుద్ధం ప్రకటించి వస్తారు మీ అమ్మమ్మ."

"పోనీ అంకుల్, మోరీ గారి ముందు ఒకసారి ప్రాక్టీస్ చెయ్యొచ్చుగా?"

"అమ్మో. వాళ్లు తప్పుని మొహం మీద చెప్పరు. నవ్వి ఊరుకుంటారు. మొన్న తాళాలు తీసుకుంటూ నేను జపనీస్‌లో రెండు నిమిషాలు మాట్లాడితే ఎంత మర్యాదగా నవ్వారో. చివర్లో థాంక్స్ అన్నట్టు 'అరిగతో' అన్నారు, అంతే. ఆ ఒక్క మాటతో పట్టేశాను. ఆయనది ఒసాకా."

ఆదివారం వచ్చింది. హాలు నిండిపోయింది. జపాన్ వాళ్లు పాటలన్నీ ఇంగ్లీషులోనే పాడారు. ప్రార్థనా ఇంగ్లీషులోనే చేశారు.

"చూశారా, మనకి అర్థం కావాలని," అని గుసగుసలాడాడు సుందర్ రాజ్. "మర్యాదంటే అదీ. వాళ్లలా చేస్తే మనం ఎంత బాగా పలకాలి చెప్పండి."

దేవకుమారి ఆ నాలుగు మాటలూ మరోసారి మనసులో అనుకుంది. ఈ ముసలి నాలుక తడబడితే వంద మంది మళ్లీ టైర్ల వాసనలో ప్రార్థన చేసుకోవాలి. లేచి నోటుబుక్కు తెరిచింది. అక్షరాలు అలుక్కుపోయి కనబడ్డాయి. కళ్లజోడు వంటగదిలో వదిలేసింది.

ఇక చదివేదేముంది. బుక్కు మూసేసి, కంఠతా వచ్చిన ఆ నాలుగు జపనీస్ మాటలూ ఆ గోడలకేసి, ఆ కిటికీలకేసి, ఆ జనాలకేసి చూస్తూ చెప్పింది. టోక్యో ఎటు పోయిందో తెలియదు. నరసాపురంలో ఎదురింటావిడని భోజనానికి పిలిచినట్టు సాగదీసింది. ప్రతి 'సు'నీ నిండుగా, రెండేసి మాత్రలు పలికింది. సుందర్ రాజ్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

ముందు వరుసలో ఒక ముసలావిడ కళ్లు తుడుచుకుంది. వెనక వాళ్లు చప్పట్లు కొట్టారు.

భోజనాలయ్యాక పెద్దలు లోపలికి వెళ్లారు. పది నిమిషాల్లో మోరీ గారు బయటికొచ్చి, తాళాల గుత్తి తెచ్చి దేవకుమారి చేతిలోనే పెట్టారు.

"హాలు మీదే," అన్నారు ఇంగ్లీషులో. "బిర్యానీ వండిన రోజు కిటికీలు మాత్రం తీసి ఉంచండి. ఈమె మాట్లాడుతుంటే మా ఆవిడ ఏడుపు ఆపుకోలేకపోయింది."

దేవకుమారి తాళాలు కొంగున ముడేసుకుంది. ఫెబీ గబగబా తెలుగులో చెప్పబోతే, "అర్థమైందిలేవే," అంది.

సుందర్ రాజ్ మాత్రం ఉండబట్టలేకపోయాడు. ముందుకొచ్చి నడుం దాకా వంగాడు.

"ఆ మాటలు రాసింది నేనేనండీ. మొహమాటం లేకుండా చెప్పండి. ఆవిడ యాస మీకు ఎలా అనిపించింది?"

మోరీ గారు ఎప్పటిలాగే మర్యాదగా నవ్వారు.

"తెలుగు ఇంత తియ్యగా ఉంటుందని మాకిన్నాళ్లూ తెలియదండీ."