హెరన్ కోవ్ నుంచి కబురు లేదు

"మన తీరం గురించి ఏమీ చెప్పలేదు! ఒక్క ముక్క లేదు!"

గుమ్మంలోంచే అరిచాడు మిచ్. ఒంటిమీద తడి రబ్బరు సూటు, కాళ్లకి ఇసుక.

పెనం మీద పాన్‌కేక్ తిరగేస్తున్న కొరీన్ ఉలిక్కిపడింది. బల్ల దగ్గర ఆమె భర్త డ్వేన్ కట్టు కట్టిన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో ఫోర్కుతో కుస్తీ పడుతున్నాడు.

"సరిగ్గా విన్నావురా?" అడిగాడు డ్వేన్.

"రెండుసార్లు ఫోన్ చేశాను. రేవు దగ్గర నడుమెత్తు అల, ఉత్తరాన ఛాతీ ఎత్తు అని చెప్పుకుంటూ పోయాడు. హెరన్ కోవ్ దగ్గరికొచ్చేసరికి 'ఈ ఉదయం కబురు అందలేదు' అన్నాడు. అటు చూడు!"

వంటింటి కిటికీలోంచి కోవ్, ఆ చిన్న సముద్రపు వంపు, అంతా కనిపిస్తుంది. కొండమీద ఒక్క పరాయి కారు లేదు. నీళ్లలో తమవాళ్లు నలుగురే తేలుతున్నారు.

డ్వేన్ లేచి స్నేహితుణ్ణి కౌగిలించుకుని, మరుక్షణం "అబ్బా" అని చెయ్యి విదిలించుకున్నాడు.

మిచ్ ఫోన్ చేసింది, దక్షిణాన ఇద్దరు కుర్రాళ్లు గ్యారేజీలో మొదలుపెట్టిన కంపెనీకి. నంబరు తిప్పితే, బోర్డు మీద నిలబడి అలల మీద స్వారీ చేసేవాళ్లకి ఏ తీరంలో ఎంత అల ఉందో చెప్పేది. అలని చూడ్డానికి కళ్లుండాలిగానీ ఫోనెందుకని మొదట్లో అందరూ నవ్వారు. తీరానికొక మనిషిని కుదుర్చుకుని, తెల్లవారగానే చూసి చెప్పించుకోవడం మొదలయ్యాక ఆ నవ్వు ఆగిపోయింది. తుఫాను పటాలు చూసి రేపటి అలలు కూడా ఇవాళే చెబుతామని ఈమధ్య ప్రకటించారు. హెరన్ కోవ్ పేరు ఆ ఫోన్లో వినబడిన వారానికే లోతట్టు ఊళ్ల కార్లు కొండమీద బారులు తీరాయి. పదిమంది పంచుకునే అల మీద వందమంది పడ్డారు. కబురు చేరవేస్తున్నది తమ ఊరివాళ్లేనని అందరికీ తెలుసు. ఎవరన్నదే తేలలేదు, నిన్నటిదాకా.

"ఆ పెద్దాయన వర్జిల్ ఒప్పుకున్నాడా?" అడిగింది కొరీన్.

"దొంగ ఎక్కడైనా ఒప్పుకుంటాడా?" అన్నాడు మిచ్. "నిన్న తరిమేశాం, ఇవాళ కబురు ఆగిపోయింది. ఇంకేం కావాలి?"

"రోజూ పొద్దున్నే కొండమీద ఫోన్ బూత్‌లో నిలబడేది ఆయనొక్కడే కదా," అన్నాడు డ్వేన్.

"వాళ్లక్కకి ఒంట్లో బాగాలేదనీ, ఫ్రెస్నోకి చేస్తున్నాననీ చెప్పాడుగా?" అంది కొరీన్.

"నేనైతే మా అమ్మమ్మకి అని చెప్పేవాణ్ణి," అన్నాడు మిచ్.

మొదట వర్జిల్ కారు అద్దం నిండా బోర్డులకి రాసే మైనం పులిమారు. ఆయన గీక్కున్నాడు. టైర్లలో గాలి తీశారు. నింపుకున్నాడు. ఎవరూ పలకరించకపోయినా రోజూ నీళ్లలోకి వచ్చి, అల కోసం తన వంతు వచ్చేదాకా ఒక పక్కన కూర్చునేవాడు. నిన్న ఒడ్డెక్కగానే చుట్టుముట్టి, బోర్డు లాక్కుని బండకేసి కొట్టారు. ఆయన చేత్తో చేసుకున్న బోర్డు అది. డ్వేన్‌కి మొదటి బోర్డు చేసిచ్చి, దానిమీద నిలబడడం నేర్పింది కూడా ఆయనే. విరిగిన అంచు తగిలి డ్వేన్ అరచెయ్యి చీలింది. ఉప్పునీళ్లు తగిలితే పచ్చిపుండవుతుందని కొరీన్ ఇవాళ అతణ్ణి మంచం దిగనివ్వలేదు. ఇద్దరూ బారెడు పొద్దెక్కేదాకా పడుకున్నారు.

"బోర్డు విరిగాక ఆయనేమన్నాడు?" అడిగింది కొరీన్.

డ్వేన్ ఫోర్కు పక్కన పెట్టాడు. "'ముందు ఆ చెయ్యి కడుక్కోరా' అన్నాడు. అంతే."

"సామాను సర్దుకుని అక్క దగ్గరికి పోయాడట," అన్నాడు మిచ్. "సముద్రమే లేని ఫ్రెస్నోలో అలలు కావాలంటే స్నానాల తొట్టిలో చెయ్యి ఆడించుకోవాలి."

తన జోకుకి తనే నవ్వి, పెనం మీది పాన్‌కేక్ చేత్తోనే లాక్కుని, వేడికి ఊదుకుంటూ మళ్లీ నీళ్లలోకి పరిగెత్తాడు.

"ఆ వయసులో సముద్రం లేకుండా ఎలా ఉంటాడు పాపం?" అంది కొరీన్.

"నా సంగతో? ఇదివరకు తెల్లారుతూనే దిగితే ఎండ నడినెత్తికొచ్చేదాకా ఒడ్డెక్కేవాణ్ణా? ఈ జనం వచ్చాక ఒక్క అల దొరక్క, గంటకే విసుగెత్తి ఇంటికి వచ్చేస్తున్నాను."

"ఇంటికొచ్చి నాతో టిఫిన్ చేయడం అంత శిక్షా?"

"అబ్బే, శిక్ష పాన్‌కేకులే. నీతో కాదు."

ఆమె గరిటె చూపించింది. అతను పాకం వేలితో తీసి ఆమె ముక్కుకి పూశాడు. ఇద్దరూ పకపకా నవ్వారు. పెళ్లయిన కొత్తలో కొరీన్ ఈ బల్ల దగ్గర ఒక్కతే కూర్చుని తినేది. ఎదుటి పళ్లెం మీద మూతపెట్టి, మధ్యాహ్నానికి అందులోది చెత్తబుట్టలో వేసేది. ఇప్పుడు ఎదురుగా అతను, గడ్డానికి పాకం, కిటికీలోంచి ఎండ. ఇంతకు మించి ఆమె ఎవరినీ ఏదీ అడగలేదు.

"డ్వేన్, ఒకవేళ ఆయన కాకపోతే?"

"కాకపోతే ఇవాళ కూడా కబురు వెళ్లేది కదా!"

"ఒకసారి ఆయనకి ఫోన్ చేసి..."

"వదిలెయ్, కోరీ. అయిందేదో అయింది." అతను చేతి కట్టు బిగించుకుని కోవ్ వైపు చూశాడు. కళ్లు మెరిశాయి. "రేపు దీనికి టేపు చుట్టుకుని అందరికంటే ముందు దిగుతాను. కోవ్ మళ్లీ మనది! మధ్యాహ్నం దాటేదాకా రాను. టిఫిన్‌కి నాకోసం చూడకు."

కొరీన్ సరేనని తలూపింది.

రేపు పొద్దున్నే కిటికీలోంచి అల చూసి, కంపెనీకి మళ్లీ ఫోన్ చేయాలి, అనుకుంది.