చెవుడు పట్టిన రిపీటర్

"మీ రిపీటర్‌కి చెవుడొచ్చింది బాబూ."

రేడియో క్లబ్బు గదిలో సోల్డరింగ్ చేస్తున్న మెకానిక్ తలెత్తి చూశాడు. గుమ్మంలో ఎవరో పెద్దాయన, చేతిలో అరచేయంత వాకీటాకీ.

గొంతును బట్టి పోల్చుకున్నాడు. "ఓహో, మీరేనా! రోజూ పొద్దున్నే ముక్కలు ముక్కలుగా వినపడేది?"

క్లబ్బులో ఆయన్ని ‘గొణుగుడు తాత’ అంటారు. ఆ పేరు పెట్టింది మెకానికే.

కొండ మీది ఆ డిజిటల్ రిపీటర్ చిన్న సెట్ల పిలుపులు అందుకుని, గట్టిగా ఊరంతటికీ వినిపించాలి. వానాకాలంలో ఏటి మీది పడవలవాళ్ళకి అదే దిక్కు. దాన్ని చూసుకునేది మెకానిక్. దాన్నంటే తననన్నట్టే అతనికి.

"నిన్ననే కొలిచానండీ. రిసీవర్ బంగారంలా ఉంది."

"ట్రాన్స్‌మిటర్ ఆపి కొలిచారా?"

"ఆపే కొలుస్తారెవరైనా!"

"ఆన్‌లో పెట్టి కొలవండి. అది మాట్లాడ్డం మొదలెట్టగానే వినడం మానేస్తోంది. నా పిలుపులో మొదటి ముక్క అందుకుని, తర్వాత తెగ్గొడుతోంది. వానలు దగ్గరకొచ్చాయి బాబూ."

మెకానిక్‌కి ఒళ్ళు మండింది. పాతికేళ్ళ అనుభవం మరి!

"ఆ బొమ్మ సెట్టు అవతల పారేసి మంచిది కొనుక్కోండి. చక్కగా వినపడతారు."

పెద్దాయన ఆ సెట్టుని పైపంచెతో తుడిచి, జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడూ పిలిచాడు. ఆ మర్నాడూ పిలిచాడు. "చెవిలో జోరీగలా తగులుకున్నాడు," అంటూ మెకానిక్ స్పీకర్ సౌండు తగ్గించేశాడు.

తొలి వానకే ఏరు పొంగింది. మధ్యాహ్నం స్పీకర్లో "పడవ..." అని వినపడి తెగిపోయింది. మళ్ళీ "పడవ..." అంతే. ఎక్కడో, ఏ రేవులోనో తెలిస్తేనా! వెతికి పట్టుకునేసరికి ముగ్గురిలో ఇద్దరు పోయారు.

"చెప్తూనే ఉన్నాం కదండీ, ఒక్కళ్ళకీ వినపడలేదా?" అని ఏడ్చాడు మూడోవాడు.

అప్పుడెక్కాడు మెకానిక్ కొండ. ట్రాన్స్‌మిటర్ ఆన్‌లో పెట్టి కొలిచాడు. రిసీవర్‌కి బ్రహ్మచెవుడు. ట్రాన్స్‌మిటర్ హోరు రిసీవర్ చెవిన పడకుండా ఆపే ఫిల్టర్ దగ్గర కేబుల్ కనెక్టర్ విప్పితే లోపలంతా తుప్పు, ఏళ్ళ తరబడి పట్టిన తుప్పు. మార్చడానికి పావుగంట పట్టింది.

పావుగంట! తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

క్షమాపణ చెప్పుకుందామని అడ్రసు కనుక్కుని పెద్దాయన ఇంటికెళ్ళాడు. ఆయన మందుల షాపుకెళ్ళాడట. తనెవరో చెప్పుకుంటే భార్య కుర్చీ వేసింది.

బల్ల మీద యాభై వాట్ల సెట్టు చూసి మెకానిక్ నోరెళ్ళబెట్టాడు. అంతటిది క్లబ్బులోనే లేదు.

"ఇదుండగా ఆ చిన్నదాంతో ఎందుకు పిలిచేవారమ్మా?"

"అది మా అమ్మాయిదండీ. నిరుడు వరదలో డాబా మీద చిక్కుకుని, దాంతో రెండు గంటలు పిలిచిందట. పక్క డాబావాళ్ళు చెప్పారు. పిల్ల దొరికినప్పుడు అది చేతికే కట్టి ఉంది. ఈయనే బాగుచేసుకున్నారు. అది వినపడితే ఇంకెవరి పిలుపైనా వినపడుతుందని ఈయన పట్టుదల."

మెకానిక్‌కి ఆ రోజు గుర్తొచ్చింది. ఆ వరద రోజు క్లబ్బులో డ్యూటీ తనదే. తెగి తెగి వినపడిన ముక్కల్ని ఉత్త గోలనుకుని, రిజిస్టర్లో ‘పిలుపులేమీ రాలేదు’ అని రాసి సంతకం పెట్టిందీ తనే.

"ఆయన మా రిజిస్టర్ చూశారామ్మా?" అడిగాడు మెకానిక్.

"చూశారు. ఆ సంతకం మీదేనని తెలిసే మీ దగ్గరికొచ్చారు. గొడవ పెట్టుకోకండి అంటే, ‘గొడవ కాదే, ఇంకో ప్రాణం పోకముందే అతని చేత్తోనే బాగుచేయించాలి, లేకపోతే ఆ మనిషి బతికినన్నాళ్ళూ కుమిలిపోతాడు’ అన్నారు."