ఖరాబు చేప

వీరేందర్ కోపంగ శంషాబాద్ బజార్ల ఉన్న పెంపుడు చేపల దుకాణానికి వచ్చి, నీళ్ల కవర్ల ఉన్న చేపను బల్ల మీద పెట్టిండు.

"ఏందయ్యా, గిట్ల ఖరాబు మాల్ ఇచ్చినవ్?"

దుకాణపాయన కవర్ ఎత్తి చూసిండు. చేప హుషారుగ తిరుగుతున్నది.

"మంచిగనే ఉన్నది గదన్నా!"

"గదే పరేషాన్. ఇంటి మీది దిష్టంత తీసుకొని చేప సస్తది, నా తొండుపల్లి ప్లాటు అమ్ముడువోతది అంటివి. ఇది సస్తనే లేదు!"

"తీస్కపోంగనే సీదా పాత చేపలల్ల ఇడిసినవా?"

"లేదు. మా ఆమె వేరే తొట్టిల పెట్టి, ఉప్పు కలిపి, రోగం లేదని తేలినంకనే పాతవాట్ల కలిపింది."

దుకాణపాయన తల పట్టుకున్నడు. మూలకున్న తొట్టిలకెళ్లి, ఒళ్లంత తెల్లమచ్చలతోని ఒరిగిపోయిన చేపను తీసి కవర్ల ఏసిండు.

"ఇది గ్యారెంటీ అన్నా. వదినకు మాత్రం చూపియ్యకు."