మూడు ముక్కల ఇంగ్లీషు

ఆ పొద్దున ఆకాశం దట్టంగా మబ్బు పట్టి ఉంది. కుట్టు హాల్లో తొమ్మిదింటికే లైట్లు వేశారు. మిషన్లు మాత్రం ఇంకా మొదలు కాలేదు.

"హౌ ఆర్ యూ అంటే?" సూపర్‌వైజరు అరిచాడు.

"ఫైన్, థాంక్యూ," అన్నారు నలభైమంది ఆడవాళ్లూ.

"అండ్ యూ అనాలి! ఎన్నిసార్లు చెప్పాలి? తనిఖీకి వచ్చే ఆవిడకి తెలుగు ముక్క రాదు. నవ్వండి, జవాబు చెప్పండి, తల వంచుకుని కుట్టుకోండి. అంతకుమించి నోరు విప్పారో, రేపటి నుంచి పనిలోకి రానక్కర్లేదు."

గుండీలు కుట్టే ఆవిడ అరచెయ్యి ముడుచుకుంది. అందులో కూతురు పెన్నుతో రాసిన మూడు ముక్కలున్నాయి: బ్యాక్ డోర్ లాక్డ్.

పోయిన నెల ఇస్త్రీ బల్ల అంటుకుంది. పొగలో అందరూ వెనక తలుపు మీద పడ్డారు. అది తెరుచుకోలేదు. ఎవరో బకెట్టెడు నీళ్లు కొట్టబట్టి బతికారు. బట్ట బయటికి పోకుండా ఆ తలుపుకి ఎప్పుడూ తాళమే. ఇవాళ అసలు తలుపే కనపడకుండా తానులు పేర్చారు.

తనిఖీ అధికారి వచ్చింది. సన్నటి మనిషి. చెప్పులకి బురద.

"మంచినీళ్లు కావాలా తల్లీ?" దారాలు కత్తిరించే ముసలమ్మ అలవాటు కొద్దీ అడిగింది.

అధికారి నవ్వి, "గుడ్ మార్నింగ్," అంది.

"గోడకి చెప్పినట్టే ఉంది," అని ముసలమ్మ మూతి తిప్పుకుంది.

అధికారి వరసలన్నీ దాటుకుంటూ వచ్చి గుండీల బల్ల దగ్గర ఆగింది. "హౌ ఆర్ యూ?"

గుండీలావిడ అరచెయ్యి విప్పింది. చెమటకి సిరా కరిగి నీలి మరక మిగిలింది. అయినా మూడు ముక్కలూ గొంతుదాకా వచ్చాయి. అధికారి భుజం మీదుగా సూపర్‌వైజరు చూస్తున్నాడు.

"ఫైన్, థాంక్యూ. అండ్ యూ?"

సూపర్‌వైజరు మొహం విప్పారింది. కుర్చీ, కూల్‌డ్రింకు తెప్పించడానికి అవతలికి పోయాడు. అధికారి ఒక గుండీ తీసి వేళ్ల మధ్య తిప్పుతూ అక్కడే నిలబడింది.

"చెప్పవేమే మొద్దూ!" దారాలు ఏరుకుంటూ ఇటు వచ్చిన ముసలమ్మ గొణిగింది.

"నాలిక పిడచకట్టుకుపోయింది పిన్నీ. చెప్పి మాత్రం ఏం లాభం? తానులు జరిపిస్తుంది, సరే. తాళంచెవి వాడి ఎడం జేబులో ఉందాయె. పోయిందని బొంకుతాడు."

"మళ్లీ నిప్పంటుకుంటే ఆ బొంకుతోనే ఆర్పుకుందాంలే."

మధ్యాహ్నం అధికారి తన కోసం వేసిన కుర్చీ వదిలేసి, డబ్బా పట్టుకుని వచ్చి వాళ్ల మధ్య కూర్చుంది. సూపర్‌వైజరు గుమ్మం దగ్గర ఫోన్లో ఉన్నాడు. ముసలమ్మ కాస్త కూర వేసింది. నేర్చుకున్న ఇంగ్లీషంతా పొద్దున్నే అయిపోయింది.

అధికారి చివరి ముద్ద తిని, డబ్బా మూత పెట్టి, గుండీలావిడ వైపు వంగింది.

"తాళంచెవి ఏ జేబులో ఉందన్నావక్కా?"