బేస్తవారం కోడ్

"ఏడు... సున్నా... మళ్లీ ఏడు. రాసుకున్నారా సార్?"

గాజు తలుపు వెనక రిసీవరును భుజానికి నొక్కిపెట్టుకుని చౌడేశ్వరి కాగితం ముక్కలోని అంకెలు చదువుతోంది. బయట స్టూలు మీద బాబయ్య వినీ విననట్టు కూర్చున్నాడు. బేస్తవారం వచ్చిందంటే అతని ఎస్టీడీ బూత్‌లో ఇదే పారాయణం.

"పర్మినెంటు కోడ్ ఇంకా రాలేదా సార్? పైవాళ్లు ఒప్పుకోవల్లనా? సరే, ఈ వారానికైతే ఇయ్యండి."

రాసుకుంది. ఫోన్ పెట్టేసి బయటికొచ్చి రెండో స్టూలు మీద కూలబడింది.

"మళ్లా వారానికేనా?" అన్నాడు బాబయ్య.

"మళ్లా వారానికేన్నా."

"ఏం మనుషులమ్మా వాళ్లు!" అని విసుక్కున్నాడు కానీ, లోపలెక్కడో హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడ్డాడు కూడా.

చౌడేశ్వరి ధర్మవరం చీరల అంచులకూ బుటాలకూ డిజైన్లు గీస్తుంది. మొన్నమొన్నటిదాకా గళ్ల కాగితం మీదే గీసేది. పోయినేడు చీటీ ఎత్తి బెంగళూరు నుంచి కొత్త కంప్యూటర్ తెప్పించుకుంది. లారీ సర్వీసు మహానుభావులు దాని మీద బెల్లం బస్తాలు వేసుకొచ్చారు. దించేసరికి పెట్టె అప్పడమైంది. కంపెనీవాళ్లు మారుమాట లేకుండా ఇంకోటి పంపారు. చిక్కంతా డిజైన్ల సాఫ్ట్‌వేర్‌తో వచ్చింది. దాని లైసెన్సు మొదటి మిషన్ పేరున ఉంది. రెండోదాన్లో తెరవబోతే కోడ్ అడుగుతుంది. పోయినవాళ్ల పేరున రేషన్‌కార్డు ఉన్నట్టు. ఆ పాతది పనికిరాదని తేలేదాకా వారానికో కోడ్ ఇస్తామన్నారు సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లు. పాతదేమో హిందూపురంలో లారీ సర్వీసు గోడౌన్‌లో, ఇన్సూరెన్సు తగాదాలో పడి ఉంది. కోడ్ లేకపోతే డిజైన్ లేదు, డిజైన్ లేకపోతే ఆమె గీసినవి నేసే ఎర్రప్ప మగ్గానికి పని లేదు.

కంపెనీ నంబరు ఉచితం. మీటరు తిరగదు, బూత్‌వాడికి పైసా రాలదు. సెల్లు నుంచి ఆ నంబరు కలవదని చౌడేశ్వరే చెప్పింది. ఇలాంటి గిరాకీని వేరే బూత్‌వాళ్లు గడప దగ్గరే తిప్పి పంపుతారు. బాబయ్య మాత్రం ఆమె వచ్చే వేళకి రెండో స్టూలు తుడిచి పెడతాడు. ఊరంతా సెల్లులొచ్చి బూత్‌కు దిక్కులేకుండా పోయింది. అది చాలదన్నట్టు మున్సిపాలిటీవాళ్లు నెల కిందట కాలవ కోసం వీధంతా తవ్విపోసి, వచ్చే ఒకరిద్దరినీ రాకుండా చేశారు. గోరుచుట్టు మీద రోకటిపోటు. భార్య షాహిదా పోయాక ఇంట్లో పలకరించే గొంతు లేదు. తను ఫోన్ చేసి మాట్లాడేందుకూ ఎవరూ లేరు, ఆ రిసీవరును తను ముట్టుకుని ఎన్నాళ్లయిందో. గుంత మీద అడ్డంగా వేసిన చెక్క పలక దాటుకుని, కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని వచ్చే మనిషి చౌడేశ్వరి ఒక్కతే.

ఆమె సంచిలోంచి ఉడకబెట్టిన శనక్కాయలు తీసి బల్ల మీద పోసింది. "తినన్నా. ఒక్కదాన్నే ఎన్నని తిందు?"

"ఈమధ్య కంపెనీవాళ్లు బాగుపడినారే," అన్నాడు బాబయ్య కాయ ఒలుస్తూ. "ఎండాకాలంలో ఆ పీపీ పాట ఈడికి వినపడతాండె. ఎంతసేపో నిలబెడతాండ్రి. ఇప్పుడు టక్కున ఎత్తుతాండారు."

"అవునన్నా, మారినారు."

బాబయ్య ఇంకో కాయ ఒలిచి, తినకుండా పక్కన పెట్టాడు. మొన్న పెనుకొండ ఉరుసుకు వెళ్లి, దర్గా ముందు నిలబడి కూడా ఆమెకు పర్మినెంటు కోడ్ రాకూడదనే కోరుకున్నాడు. ఒకరి పని చెడాలని దువా చేసినవాణ్ని ఏమనాలి? బయటికి రాగానే తన మీద తనకే అసహ్యం వేసింది. షాహిదా అక్క కొడుకు జావీద్ అక్కడే కనిపిస్తే, అంతా చెప్పి సాయం అడిగాడు.

"చౌడమ్మా, ఒక మాట. మా జావీద్‌కి హిందూపురంలో కంప్యూటర్ల అంగడి ఉండాది. గోడౌన్‌కి పోయి నీ పాత పెట్టె ఫోటో తీసి కంపెనీకి పంపుతాడంట. ఆదివారం మీ ఇంటికొచ్చి పర్మినెంటు కోడ్ ఎక్కించి పోతాడు. ఇంక నువ్వు ఈ గుంతలు దాటుకుని రావాల్సిన పనుండదు."

మొత్తానికి చెప్పేశాడు.

చౌడేశ్వరి చేతిలో శనక్కాయ ఆగిపోయింది.

"నిన్నెవరడిగినారన్నా?"

"అదేమమ్మా అట్లంటావు? కోడ్ లేకపోతే ఎర్రప్ప మగ్గం..."

"ఎర్రప్ప మగ్గం ఆడతానే ఉండాది లే. ఆ పిల్లోణ్ని రావద్దను. తెలీనోళ్లు చెయ్యి పెడితే ఉండేది కూడా పోతాది."

"వాడు తెలీనోడు కాదమ్మా, బెంగళూరులో..."

"వద్దంటి కదా!"

ఆమె లేచి సంచి భుజాన వేసుకుంది. కళ్లు ఎర్రబడ్డాయి. మంచికి పోతే చెడు ఎదురైందే అని బాబయ్య బిత్తరపోయాడు. తన వాళ్లంటే ఆమెకు నమ్మకం లేదేమో అనుకుంటే మనసు చివుక్కుమంది. పలక దాకా వెళ్లి ఆమె వెనక్కి తిరిగింది.

"వచ్చే బేస్తవారం వస్తా. అంగడి తెరిచే పెట్టు."

"తెరిచే ఉంటాది లేమ్మా."

ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూసి, మిగిలిన శనక్కాయలు కాగితంలో పొట్లం కట్టుకున్నాడు. మాట పడ్డా, ఆమె మళ్లీ వస్తానంది. అదే చాలనిపించింది.

అంతలో సైకిల్‌ను గుంతకు అవతలే ఆపి, టెలిఫోన్ ఆఫీసు లైన్‌మన్ గంగాధర్ పలక దాటి వచ్చాడు. అడక్కుండానే బూత్‌లోకి దూరి రిసీవరు ఎత్తి చెవికి పెట్టుకున్నాడు. రెండుసార్లు తట్టి చూసి పెట్టేశాడు.

"కాలవ తవ్విన దినమే నీ లైను తెగిపోయింటే, ఒక మాటన్నా చెప్పలేదేమప్పా?"