ఏడో చెల్లెలి పన్ను

విచారణకు ఆ అమ్మాయి తల్లిని వెంటబెట్టుకుని వచ్చిందని తెలిసి ప్రొఫెసర్‌కి నవ్వాగలేదు.

తల్లి వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. ఒళ్లో వెలిసిపోయిన చేతిసంచి. ఆయన్ని చూడగానే లేచి నిలబడి నోరారా నవ్వింది. పైవరసలో ముందు పన్ను లేదు. పన్ను కట్టించుకునే తాహతు లేని కొంపలోంచి వచ్చి నా మీద ఫిర్యాదా అనుకుంటూ, ఆవిడ నవ్వుకి జవాబు కూడా ఇవ్వకుండా ఆయన లోపలికి నడిచాడు.

యూనివర్సిటీలో అందరూ ఆయన్ని ధ్రువతార అంటారు. కుర్చీలోంచి కదలడని విద్యార్థులు పెట్టిన పేరది. ఆయన మాత్రం అదేదో బిరుదనుకుని మురిసిపోతుంటాడు.

పరిశోధన సంస్థ డైరెక్టర్ పదవి దాదాపు ఆయన చేతికొచ్చినట్టే. అడ్డమల్లా ఈ ఒక్క ఫిర్యాదే. ఇది కొట్టేస్తే పెద్ద గది ఆయనది. నిజమని తేలితే ఉన్న ఉద్యోగానికీ నీళ్లొదులుకోవాలి. అయినా ఆయనకు బెంగ లేదు. ఎదురుగా ఉన్నది తన దగ్గర పరిశోధన చేసిన పిల్ల. గట్టిగా నాలుగు మాటలంటే ముక్కు చీదుకుంటూ పోయే రకం.

పొడవాటి బల్లకు ఒక చివర రిటైర్డ్ జడ్జి, చెరోపక్కా ఇద్దరు సభ్యులు. జడ్జి ముందు ప్రొఫెసర్ కొత్త పుస్తకం ఉంది. లోకంలోని పాత జాతులు చుక్కల గురించి చెప్పుకున్న కథలన్నీ అందులో ఉన్నాయి.

"చెప్పమ్మా," అంది జడ్జి.

"ఆఖరి అధ్యాయం నాది మేడమ్. నా టేబుల్ సొరుగులో ఉన్న చిత్తుప్రతిలోంచి సార్ తీసుకున్నారు. అంతకుముందు కూడా ఎవరో సొరుగు తెరిచి నా కాగితాలు కెలికారు. సార్‌తోనే చెప్పాను. ఎలకలేమో చూసుకో అన్నారు."

"ఇప్పుడూ అదే అంటున్నా," అన్నాడు ప్రొఫెసర్. సభ్యుల్లో ఒకాయన కిసుక్కున నవ్వాడు.

ప్రొఫెసర్‌కి హుషారొచ్చింది. "మేడమ్, కృత్తికలని ఒక చుక్కల గుంపుంది. మామూలు కంటికి ఆరే కనిపిస్తాయి. కానీ ఎక్కడెక్కడి జాతులో వాటిని ఏడుగురు అక్కచెల్లెళ్లంటాయి. ఏడోది ఏదీ అంటే తలా ఒక కథ. మామూలు మనిషిని పెళ్లాడి సిగ్గుతో మొహం చాటేసిందని ఒకళ్లు, ఏడుస్తూ దాక్కుందని ఇంకొకళ్లు. ఒకరి మొహం ఒకరు ఎరగని జాతులు ఒకే కథ చెప్పుకుంటే దాన్ని దొంగతనం అంటామా? మరి పక్కపక్క గదుల్లో ఒకే పని చేసే ఇద్దరికి ఒకే కథ దొరికితే ఈ గోలేమిటి? పైగా ఈవిడగారు ఇచ్చిన థీసిస్‌లో ఆ అధ్యాయమే లేదు. లేనిదాన్ని నేనెలా ఎత్తుకుపోతాను?"

"నిజమేనా అమ్మా?"

"నిజమే మేడమ్. థీసిస్ ఇచ్చేముందు నేనే తీసేశాను."

జడ్జి కలం పక్కన పెట్టింది. "సరే, ప్రొఫెసర్ గారూ, మీకా కథ ఎక్కడ దొరికింది?"

ఈ ప్రశ్న కోసమే ఆయన కాచుక్కూర్చున్నాడు.

"దీవిలో మేడమ్. ఏ మ్యాపులోనూ కనపడదు, అంత మారుమూల. పడవలో రెండు రోజులు. దారి పొడవునా వాంతులే. అక్కడొక ముసలావిడ నన్ను ఇసుకలో కూర్చోబెట్టి చెప్పింది. ఏడో చెల్లెలికి ముందు పన్ను ఊడిందట. నవ్వితే వెక్కిరిస్తారని అక్కల వెనక నక్కిందట. అందుకే మనకు ఆరే కనిపిస్తాయట. చెబుతూ చెబుతూ కళ్లు తుడుచుకుంది. బాబూ, నా తర్వాత ఈ కథ నువ్వే బతికించాలి అంది."

ఎంత బాగా వచ్చిందంటే, ఆయనే జేబురుమాలు తీసి కళ్లొత్తుకున్నాడు.

మంచినీళ్లు తాగి అమ్మాయి వైపు తిరిగాడు. "ఈవిడ జన్మలో పడవెక్కిందేమో అడగండి. లైబ్రరీ ఫ్యాను గాలి తప్ప సముద్రపు గాలి ఎరగదు."

"ఎక్కలేదు మేడమ్," అందా అమ్మాయి.

సభ్యులు ఫైళ్లు మూసేశారు. జడ్జి కూడా నిట్టూర్చింది. "ఇంకేమైనా ఆధారం ఉందా అమ్మా?"

అమ్మాయి ఒక పాత ఫోటో తీసి బల్ల మీద పెట్టింది. స్టూడియోలో వరసగా నిలబడ్డ ఆడపిల్లలు. చివరి పిల్ల భుజం వెనక ఎవరిదో జడ కొస మాత్రం కనిపిస్తోంది.

"ఇక కుటుంబ కష్టాలు మొదలు," అని గొణిగాడు ప్రొఫెసర్, అందరికీ వినపడేలా.

"ఎవరమ్మా వీళ్లు?"

"మా అమ్మ, పెద్దమ్మలు మేడమ్. ఏడుగురు అక్కచెల్లెళ్లు."

జడ్జి కళ్లజోడు సర్దుకుని లెక్కపెట్టింది. "ఆరుగురే ఉన్నారు కదా?"

"ఏడో ఆవిడ మా అమ్మ. బయట బెంచీ మీద కూర్చుంది."

ప్రొఫెసర్ పగలబడి నవ్వాడు. "పిలవండి మేడమ్, పిలవండి. ఆవిడా ఒక కథ చెబుతుంది, విని పోదాం."

"అక్కర్లేదు సార్, పన్ను ఊడిందన్న సిగ్గుతో ఆ ఫోటోలో అక్కల వెనక దాక్కున్న మా అమ్మ కథనే సొరుగు తెరిచే ఎలక కోసం రాసిపెట్టాను, మీరు రెండు రోజులు వాంతులు చేసుకుంటూ వెళ్లొచ్చిన దీవి కూడా నేను కల్పించిందే."