నలభై ఒక్క ముడులు

సూది బెజ్జం పక్కనుంచి దారం ఐదోసారి జారిపోయింది.

కొస నోట్లో పెట్టుకుని తడిపాను. ఆరోసారీ జారింది. కుడిచెయ్యి వణుకుతోంది.

"ఇలా ఇవ్వండి మామయ్యా, నేను ఎక్కిస్తాను," అంది కోడలు, ఆఫీసుకు బయల్దేరుతూ.

"నీ పని నువ్వు చూసుకో."

చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

మా ఆవిడ పోయి తొమ్మిది నెలలు. ఈ వణుకు వయసూ అంతే.

నరాలు బాగానే ఉన్నాయన్నాడు డాక్టరు. మందు రాయలేదు, నన్నే రాయమన్నాడు. మనకు జరిగిన మేళ్లు, రోజుకు మూడు. ఎవరికి కృతజ్ఞత చెప్పాలనిపిస్తే వాళ్ల గురించి.

"మిమ్మల్ని మీరు మళ్లీ కలుసుకుంటారు," అన్నాడు.

"నేనెక్కడికి పోయానండీ?" అన్నాను.

నవ్వాడు. నేను నవ్వలేదు.

కోడలు ఆ సాయంత్రమే నోటుబుక్కు కొనుక్కొచ్చింది. జిగురుతో అంటించిన సరుకు. నెల తిరక్కుండా కాగితాలు చేతికొస్తాయి. నలభై ఏళ్లుగా పుస్తకాలు బైండు చేస్తున్నవాణ్ణి, ఆ మాత్రం తెలుసు.

మొదటిరోజు రాశాను.

ఒకటి: ఇవాళ చుట్టాలెవరూ రాలేదు.

రెండు: ఫోనూ చేయలేదు.

మూడు: రేపూ చేయరు.

కోడలు చదివి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మామయ్యా, ఇవి కృతజ్ఞతలా, తిట్లా?"

"మేలు రాయమన్నాడు. నాకు మేలైనవే రాశాను."

పరామర్శకని వచ్చి, మా ఆవిడ ఫొటో ముందే కూర్చుని పెళ్లిసంబంధాలు మాట్లాడుకున్న జనం వాళ్లు. పేరుపేరునా గుర్తున్నారు. మరిచిపోయే ఉద్దేశం లేదు.

పదకొండు రోజులు రాశాను. పదకొండు రోజులూ ఎవరో ఒకర్ని దులిపేశాను. చెయ్యి మాత్రం అలాగే ఉంది.

బల్లమీదున్న లావుపాటి నిఘంటువు లైబ్రరీది. శనివారం ఇవ్వాలి.

"ఇది బాగా వస్తే మిగతా పుస్తకాలూ మీకే, బైండరు గారూ. లేదంటే అన్నీ మిషను బైండింగుకు పంపెయ్యమంటున్నారు మా పైవాళ్లు," అని చెప్పి వెళ్లింది లైబ్రేరియను. వెళ్తూ వెళ్తూ, "ఇరవై రెండేళ్ల కిందట మీరు కుట్టిందే ఇది. ఎంత గట్టి చెయ్యండీ మీది!" అంది.

తలాడించాను. ఆ మెప్పుకి తలాడించడం నాకు ఏళ్లనాటి అలవాటు.

ఈ పని పోతే దుకాణానికి తాళమే. దుకాణమంటే మా ఇంటి ముందుగది. తాళం వేశాక నేను కూర్చోవడానికి ఇంకో గది లేదని కాదు. కూర్చుని చేసేదేమీ లేదు.

సూది పక్కన పెట్టి, ముందు పాత అట్ట విప్పాను. పురుగు తినేసింది. పుస్తకం వీపుకు అంటించిన కాగితాన్ని తడిపి, మెల్లగా ఒలిచాను.

పదహారు పేజీల మడతను మేం ఫారం అంటాం. ఇందులో నలభై ఒకటున్నాయి. మొదటి ఐదింటి దగ్గర దారం తెగింది. ఒకచోట తెగితే మిగతావీ ఒకదాని వెంట ఒకటి ఊడి రావాలి.

రాలేదు.

కళ్లద్దాలు తుడుచుకుని చూశాను. ఫారం ఫారానికీ ముడి ఉంది.

మా ఇంట్లో కుట్టు మా ఆవిడది, అట్ట నాది. నాలుగు ఫారాలకు ఒక ముడి చాలని వందసార్లు చెప్పాను. ముడులెక్కువైతే వీపు ఉబ్బుతుంది, అట్ట కుదురుగా కూర్చోదు, టైము దండగ. ఆమె సరేనంది. లోపలి గదిలో కుట్టి, వీపుకు కాగితం అంటించి మరీ తెచ్చిచ్చేది.

వీపు ఎన్నడూ ఉబ్బలేదు.

ముడి మీద వేలు పెట్టాను. చదునుగా ఉంది. సుత్తితో కొట్టి కొట్టి అణిచిన చదును.

లోపలి గదిలోంచి ఎప్పుడూ టకటకలు వినిపించేవి. "ఏంటే ఆ గోల?" అని ఇక్కణ్ణుంచే కసిరేవాణ్ణి.

"అయిపోయిందండీ," అనేది.

పెళ్లయిన కొత్తలో ఆమెకు కుట్టు నేర్పింది నేనే. ప్రతి ఫారానికీ ముడి వెయ్యాలి, పుస్తకం మనకన్నా ఎక్కువకాలం బతకాలి అని చెప్పిందీ నేనే. గిరాకీ పెరిగాక తొందర మరిగాను.

ఆమె ఆ కొత్తపెళ్లికొడుకు మాటే విన్నది. నా మాట వినలేదు.

నోటుబుక్కు తీసి, 'ఒకటి' అని వేసి ఆగాను.

డాక్టరు మూడే రాయమన్నాడు. ఈ ఒక్క పుస్తకంలోనే నలభై ఒకటున్నాయి.

మూసేసి, గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం కోడలు వచ్చింది.

"అమ్మా, ఈ సూదిలో దారం ఎక్కించు."

భుజం మీది సంచి దించలేదు. సూదినీ, నా మొహాన్నీ మార్చి మార్చి చూసింది. "ఒంట్లో బాగానే ఉందా మామయ్యా?"

"ఎక్కించమన్నానా?"

"హమ్మయ్య, బాగానే ఉంది," అంటూ కూర్చుంది.

ఒక్కసారికే ఎక్కించి, సూది నాకివ్వబోయింది. తీసుకోలేదు. తెగిన ఐదు ఫారాలూ ఆమె ముందుకు జరిపాను.

"అయ్యో, నాకు రాదు కదా!"

"మొదట్లో మీ అత్తయ్యకీ రాదు."

మడత మధ్యలో ఎక్కడ పొడవాలో చూపించాను. పొడిచింది. వంకర పోయింది. నేను ఏమీ అనకముందే విప్పి మళ్లీ పొడిచింది.

మొదటి ఫారం కొసకు వచ్చింది. దారం బిగించి పట్టుకుని తలెత్తింది.

"ముడి ఇప్పుడే వెయ్యాలా మామయ్యా, కొన్ని అయ్యాకా?"

"ప్రతి ఫారానికీ వెయ్యమ్మా," అన్నాను.